సుబ్బాయమ్మ వేసిన దండ

మార్తా మేడమ్ గారికి తలుపు చప్పుడంటే భయం. ఈ ఒక్క ముక్క చెబితే ఆవిడ గురించి సగం చెప్పినట్టే.

అరబ్బు దేశంలో, అబూ ధాబీ వైపు అల్ ఐన్ అనే ఎడారి ఊళ్ళో, వాళ్ళింట్లో నేను డ్రైవర్ని. పేరు ఆదిశేషు, ఊరు తణుకు పక్కన. విశాఖపట్నం షిప్‌యార్డులో ఇంగ్లీషు ఇంజనీర్ల జీపు తోలి నేర్చుకున్న ఇంగ్లీషు తప్ప నాకు వేరే ఆస్తి లేదు. అది చూసే ప్రెస్కాట్ సార్ నన్ను పనిలో పెట్టుకున్నారు. సార్ నీళ్ళ కంపెనీలో ఇంజనీరు. బోర్లు వేయించడం, ఖర్జూరం తోటలకి గొట్టాలు పరిపించడం ఆయన పని. మేడమ్ ఆయన భార్య. ఇద్దరూ ఇంగ్లండు నుంచి వచ్చారు, పిల్లల్లేరు. ఆవిడకి అప్పటికి యాభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉండేది. నవ్వితే బాగుండేది గానీ ఆ నవ్వు సగంలో ఆపేసి తలుపు వైపు చూసేది.

ఆ ఇంటికి వెళ్ళాలంటే ఒక పద్ధతుండేది. గంట కొట్టకూడదు. గేటు దగ్గరే నిలబడి, "మేడమ్, నేను ఆదిశేషుని" అని అరవాలి. ఆవిడ కిటికీ తెర ఇంచీ జరిపి, నా మొహం చూసి, నా వెనక ఎవరూ లేరని నమ్మకం కుదిరాక గొళ్ళెం తీసేది. అందాకా ఆ ఎండలో మాడి చావాలి. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. దొంగతనానికి వచ్చానా, పనికి వచ్చానా అని గొణుక్కునేవాణ్ణి.

కారుదీ అంతే. పెట్రోలు సగానికి దిగితే ఆవిడ మొహం పాలిపోయేది. ఇంటి ముందు కారు ఎప్పుడూ గేటు వైపు తిప్పి పెట్టాలి. తలుపు వెనక ఒక తోలు సంచీ సర్ది ఉండేది. ఒకసారి అది నా కాలికి తగిలి బోర్లా పడింది. లోపల ఉన్నితో అల్లిన లావుపాటి స్వెట్టర్లు, మేజోళ్ళు! అల్ ఐన్ ఎండలో ఉన్ని స్వెట్టరు! ఈ దొరసానికి మతి పోయిందని అనుకున్నాను. అల్మారాలో దుప్పట్ల మధ్య ఎండు రొట్టెలు దొరికాయని ఆ ఇంట్లో పనిచేసే సుబ్బాయమ్మక్క చెప్పినప్పుడు ఇక అనుమానమే లేకుండా పోయింది.

భయం నాకు కొత్త కాదు. దుబాయ్ పేరు చెప్పి ఈ ఎడారికి వచ్చిన మాలాంటి వాళ్ళెవరికైనా కొత్త కాదు. పాస్‌పోర్టు మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అంటారు, వాడి బీరువాలో ఉంటుంది. పోలీసు జీపు కనిపిస్తే అన్ని కాగితాలూ ఉన్నా చెయ్యి జేబులోకి పోతుంది. కానీ మా భయానికి ఒక లెక్కుంది, ఒక కారణముంది. ఈవిడకేం భయం? తెల్లతోలు, సొంత పాస్‌పోర్టు, ఇంజనీరు మొగుడు. అదే నాకు అంతుపట్టేది కాదు.

సుబ్బాయమ్మక్కకి మాత్రం మొదటి వారంలోనే అంతుపట్టింది. "ఆయమ్మకి మతేం పోలేదురా. ఏదో పెద్ద ఉపద్రవంలోంచి బతికి బయటపడ్డ మనిషి" అంది.

ఆమెకు తెలుస్తుంది మరి. అక్క పుట్టిల్లు ధవళేశ్వరం, అత్తారిల్లు దివిసీమలో సముద్రానికి దగ్గర పల్లె. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు తాటిచెట్టుని కరుచుకుని బతికింది. గొడ్లు విప్పడానికి వెళ్ళిన మొగుడు తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆ తర్వాత రెండేళ్ళకి, ఎవరో ఏజెంటుని పట్టుకుని, ఇంటిపని వీసా మీద ఇక్కడికి వచ్చి పడింది. నుదుట రూపాయి కాసంత బొట్టు, మెడలో సూత్రాలు అలాగే ఉండేవి. మా వాళ్ళలో ఆడవాళ్ళు కొందరు చాటుగా మూతులు తిప్పేవారు. అక్క చెవిన పడితే వాళ్ళ ఏడు తరాలూ కడిగి ఆరేసేది. అందుకని ఎదుట ఎవరూ అనేవారు కాదు.

అంత నోరున్న మనిషికీ గాలంటే భయం. ఎడారి గాలి మొదలై ఇసుక లేచి తలుపులు దడదడలాడాయంటే నోరు పడిపోయేది. ఒక మధ్యాహ్నం అలాంటి గాలిలోనే నేను కిటికీలు బిగించడానికి పరిగెత్తుకొచ్చాను. హాల్లో ఎవరూ లేరు. వెతగ్గా వెతగ్గా సామాన్ల గదిలో కనిపించారు. బియ్యం బస్తాల వెనక నేల మీద ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు. గాలికి తలుపు కొట్టుకున్నప్పుడల్లా ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడుతున్నారు. అక్కకి అది గాలి. మేడమ్‌కి అది ఎవరో తలుపు బాదడం. నన్ను చూసి మేడమ్ పెదాల మీద వేలు పెట్టింది, మాట్లాడొద్దని. ఆ క్షణంలో ఆ తలుపవతల నిజంగా ఎవరో ఉన్నారనిపించింది నాకూ. నేనూ వెళ్ళి బస్తాల వెనక కూర్చున్నాను. ఇవాళ తలచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు రాలేదు.

ఎనభై ఒకటిలో, పెద్దల అమావాస్య ముందు రోజు, సార్, మేడమ్ అబూ ధాబీ వెళ్ళారు. కారు సారే తోలుకెళ్ళారు. ఆ సాయంత్రం మళ్ళీ గాలి లేచింది. హాల్లో కిటికీ ఊడినంత పనై, గోడకి ఉన్న పటం కిందపడి అద్దం పగిలింది. ఏటి ఒడ్డున ఆవులు మేస్తున్న ఇంగ్లండు బొమ్మ అది. పటం వెనక అట్ట ఊడితే, ఆవుల బొమ్మ వెనక నుంచి ఇంకో ఫోటో జారింది.

పాత ఫోటో. ఒక ఇంట్లో తీసింది. గడ్డం, నెత్తిమీద గుండ్రటి నల్ల టోపీ ఉన్న ఒకాయన కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీలో భార్య, ఆవిడ ఒళ్ళో చిన్న పిల్లాడు. కుడివైపు చివర, కాస్త ఎడంగా, రెండు జడల పిల్ల ఒకతి నిలబడి ఉంది. పెద్దాయన తల పైన గోడకి ఒక పలక, దాని మీద నల్లటి లావు అక్షరాలు ఉన్నాయి. ఇంగ్లీషు కాదని మాత్రం తెలిసింది.

"అచ్చు అమ్మగారి మొగమేరా ఈ తల్లిది. కన్నోళ్ళు!" అంది అక్క.

"అక్కా, ఇది దాచిపెట్టిన ఫోటోలా ఉంది. మనకెందుకు, ఉన్నచోటే పెట్టేద్దాం" అన్నాను.

"దాచడమేటి? ఆవులు ముందుండి కన్నోళ్ళు ఎనకుంటారా? పటం కట్టినోడెవడో తిన్నగా కట్టలేదు. రేపు పెద్దల అమావాస్య. ఈ తల్లి తన పెద్దోళ్ళకి నీళ్ళు వదలటం నేనెప్పుడూ చూళ్ళేదు. నువ్వు నోర్మూసుకుని అద్దం ఏయించుకురా."

ఆవిడతో వాదించి గెలిచినవాణ్ణి నేనింకా చూడలేదు. బజారులో పటాలు కట్టే బుడేన్ సాహెబ్ కొట్టుకి పట్టుకెళితే, అక్క చెప్పినట్టే ఆ ఫోటో ముందుకి వచ్చేలా అద్దం బిగించి ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే అక్క తలంటుకుంది. దొడ్లో మల్లెపొద దులిపేసి, లావుపాటి దండ గుచ్చింది. నలుగురి నుదుటి మీదా అద్దం పైన కుంకం బొట్లు పెట్టింది. పటాన్ని హాలు మధ్య గోడకి తగిలించి, దండ వేసి, అగరొత్తి ముట్టించింది. చేతులు కట్టుకుని చూసుకుని మురిసిపోయింది.

"అమ్మగారు రాగానే చూసి ఏడుస్తాది చూడు" అంది. సంతోషంతో ఏడుస్తుందని ఆమె ఉద్దేశం.

మధ్యాహ్నానికి గేటు దగ్గర కారు ఆగింది. దాని వెనకే ఇంకో పెద్ద కారు. అందులోంచి ముదీర్ ఖల్ఫాన్ గారు దిగారు. ముదీర్ అంటే అక్కడ మేనేజరు. సార్ చేసే నీళ్ళ కంపెనీకి ఆయనే పెద్ద, ఊళ్ళో మంచి పేరున్న మనిషి. దారిలో కలిస్తే సార్ భోజనానికి పిలిచారట. నేను సంచీలు పట్టుకుని వెనకే లోపలికి వెళ్ళాను.

మేడమ్ గుమ్మంలోనే ఆగిపోయింది. సంతోషం కాదు కదా, ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. సార్ వైపు చూశాను. ఆయన చెయ్యి టోపీ తీయబోతూ గాల్లోనే ఉండిపోయింది. ఏదో ఘోరం జరిగిందని నాకు అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు.

ముదీర్ గారు తిన్నగా ఆ పటం దగ్గరికే వెళ్ళారు. ఆయనకి దండలు తెలుసు. బజారులో మనవాళ్ళ కొట్లన్నిటిలో చూశారు. కానీ ఇంగ్లీషు వాళ్ళింట్లో దండేమిటి? సరదాగా వెనక్కి తిరిగి, "ఎవరీయన?" అని సార్‌ని అడిగారు.

సార్ టోపీ తీసి చేతుల్లో తిప్పసాగారు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలికి దండ ఊగుతోంది. మేడమ్ కళ్ళు ఆ దండ మీదే ఉన్నాయి. అప్పుడు గమనించాను నేను. గోడమీది పలకని, ఆ నల్లటి అక్షరాలని, దండ సరిగ్గా కప్పేసి ఉంది. ఫ్యాను గాలికి మల్లెలు పక్కకి జరిగినప్పుడు ఒక అక్షరం కొస బయటికొస్తోంది, మళ్ళీ దాక్కుంటోంది. ముదీర్ గారు ఇంకో అడుగు దగ్గరికి వేశారు. మేడమ్ కుర్చీ వీపు పట్టుకుంది. తలుపు వెనక సంచీ వైపు ఒక్కసారి చూసింది.

అక్క వంటింటి గుమ్మంలోంచి మేడమ్ మొహం చూసింది. తర్వాత నాతో అంది, "ఉప్పెన నాడు నీళ్ళొత్తన్నప్పుడు మా అత్త మొగం ఇలాగే ఉందిరా. ఎందుకో ఏటో నాకేం తెల్దు. నీళ్ళొత్తన్నాయని మాత్రం తెలిసింది."

చరచరా వచ్చి ముదీర్ గారికీ పటానికీ మధ్య నిలబడింది. దండ సర్దుతున్నట్టు అరచెయ్యి తీసుకెళ్ళి, మేడమ్ కళ్ళున్న చోట, ఆ పలక మీదే ఆనించింది. ఇక్కడికొచ్చి నేర్చిన హిందీలో గొంతెత్తి, "సాబ్! యే మేరా ఫోటో! యే హమారా కాటన్ దొర!" అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"హమారా గోదావరి బాందా. పానీ దియా. పహలే పానీ నై, చావల్ నై, సబ్ మర్తా. యే దొర ఆయా, పానీ ఆయా. హమారా గావ్ మే సబ్ ఘర్ మే ఫోటో, సబ్ ఘర్ మే దండ!"

గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి, నీళ్ళిచ్చి, కరువు చావులు ఆపిన కాటన్ దొరకి మా వైపు దండ వెయ్యని ఊరు లేదు. తెల్లవాడి పటానికి బొట్టు పెట్టి మొక్కే జనం భూమ్మీద మేమే కాబోలు. ఆ అబద్ధం ఇంకెవరికీ తట్టదు. కాకపోతే ఆ దొరకీ ఈ ఫోటోలో ఆయనకీ గడ్డం ఒక్కటే పోలిక.

బజారు హిందీ ముదీర్ గారికి బాగానే అర్థమవుతుంది. ఆయన సార్ వైపు చూశారు. సార్ నీళ్ళ ఇంజనీరు, ఆ ఆనకట్ట గురించి చదివే ఉంటారు. మెల్లిగా తలూపారు. "అవును. గొప్ప పని చేశాడు" అన్నారు.

ముదీర్ గారి మొహంలో సరదా పోయింది. ఆయన చిన్నప్పుడు వాళ్ళ తాత ఖర్జూరం తోటల కింద నేలలోకి దిగి, పాత నీటికాలవల్లో పూడిక తీసేవాడట. ఊపిరాడక అందులోనే పోయాడట. నీళ్ళంటే ఏమిటో ఆ ఇంటివాళ్ళకి తెలుసు. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆ ఫోటోలో గడ్డం పెద్దాయన కళ్ళలోకి చూస్తూ, "అల్లాహ్ యర్హము" అన్నారు. పోయినవాళ్ళని దేవుడు కరుణించాలని అక్కడివాళ్ళు అనే మాట అది.

మేడమ్‌కి ఆ మాట అర్థం తెలుసు. కుర్చీలో కూలబడింది. ఎండదెబ్బ అని సార్ సర్దిచెప్పారు.

ముదీర్ గారు భోంచేసి బయల్దేరారు. ఆయన కారు మలుపు తిరిగాక సార్ తలుపేసి గొళ్ళెం పెట్టారు. మేడమ్ లేచి, పటం మీది దండ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మల్లెలు హాలంతా చెల్లాచెదురయ్యాయి.

"వాళ్ళు చచ్చిపోయారని నీకెవరు చెప్పారు?" అని అరిచింది. "ఎవరు చెప్పారు నీకు?"

అక్క బిక్కచచ్చిపోయి నా వైపు చూసింది. నేను తెలుగులో చెప్పాను. ఆ తర్వాత మేడమ్ ఆగకుండా చాలాసేపు మాట్లాడింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో పట్టుకున్నంత పట్టుకుని అక్కకి చెబుతూ పోయాను. ఏ పని చేసినా ఇంత కష్టం అనిపించలేదు నాకు.

ఆవిడ పుట్టింది ప్రాగ్ అనే ఊళ్ళో. యూదులు. ఆ పలక మీదివి వాళ్ళ హీబ్రూ అక్షరాలు. జర్మనీవాళ్ళు వచ్చి ఊరు పట్టుకున్నాక యూదుల కొట్లు మూయించారు, పిల్లల్ని బడికి రానివ్వలేదు. రోజూ ఎవరి తలుపో బాదేవారు, ఆ ఇంట్లోవాళ్ళు మళ్ళీ కనిపించేవారు కాదు. ఇంగ్లండులో కొందరు మంచివాళ్ళు పిల్లల్ని మాత్రం తీసుకుంటామంటే, రైళ్ళలో పిల్లల్ని ఎక్కించి పంపారు. పెద్దవాళ్ళకి చోటు లేదు. ముప్ఫై తొమ్మిదిలో, చిన్నపిల్లగా ఉన్న ఈవిడని వాళ్ళమ్మ రైలెక్కించింది. ఉన్ని స్వెట్టర్లు, మేజోళ్ళు, దారిలో తినడానికి రొట్టె సర్ది ఇచ్చింది. తమ్ముడు తర్వాతి రైల్లో వస్తాడంది. ఆ రైలు కదలక ముందే యుద్ధం వచ్చింది. ఇక రైళ్ళు లేవు.

యుద్ధమయ్యాక వెతికితే, తూర్పుకి తీసుకుపోయారన్నారు. తూర్పుకి తీసుకుపోయినవాళ్ళని ఏం చేశారో లోకమంతటికీ తెలుసు. లక్షల మందిని చంపారు, పసిపిల్లల్ని కూడా. కానీ ఈ ముగ్గురి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడ ఇన్నేళ్ళూ వాళ్ళకి దీపం పెట్టలేదు, వాళ్ళ కోసం ప్రార్థన చదివించలేదు. అది చేస్తే చచ్చిపోయారని ఒప్పుకున్నట్టే గదా. ఇక్కడికి వచ్చేటప్పుడు సార్ కాగితాల్లో క్రైస్తవులమని రాయించారు. ఆ రోజుల్లో ఈ దేశంలో యూదులమని చెప్పుకునే ధైర్యం ఎవరికీ లేదు. తెలిస్తే సార్ ఉద్యోగం పోతుందని, పంపేస్తారని భయం. నిజంగా ఏం చేసేవారో నాకు తెలియదు. ముదీర్ గారి మొహం చూస్తే ఏమీ చేసేవారు కాదేమో అనిపిస్తుంది. అయినా భయానికి నిజంతో ఏం పని? చిన్నప్పుడు తలుపు చప్పుడు విన్న పిల్లకి ప్రతి తలుపూ అదే తలుపు.

అంతా విని అక్క నేలమీద మల్లెపూలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

"నీ భర్త ఫోటోకి దండ వేశావా?" అని మేడమ్ అడిగింది. ఆ గొంతులో కోపం పోయింది గానీ, జవాబు మాత్రం కావాలన్నట్టు అడిగింది.

అక్క చెయ్యి ఆగిపోయింది. "లేదమ్మగారూ. ఆయన శవం దొరకలేదు. నేను కళ్ళారా చూళ్ళేదు. చూడకుండా దండెలా ఏత్తానండి?"

"నేను చూశానా?"

నేను తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. అక్క నుదుటి మీది బొట్టు తడుముకుంది. "తప్పైపోయిందమ్మా" అని మేడమ్ పాదాల దగ్గర కూర్చుని భోరుమంది. మేడమ్ కూడా కిందికి దిగి నేలమీద కూర్చుంది, సామాన్ల గదిలో కూర్చున్నట్టే.

కాసేపటికి అక్కకి ఏదో తట్టింది. పటం దగ్గరికెళ్ళి కుడివైపు చివరి పిల్లని చూపించింది. "మరీ రెండు జడల పిల్ల... మీ చెల్లెలు కాదేటి?"

"నేనే" అంది మేడమ్.

అక్క నోరు రెండు చేతులతో మూసుకుంది. బతికున్న మనిషికి, అందులోనూ తను ఉప్పు తింటున్న ఇల్లాలికి, తన చేతులతో దండ వేసింది. మా వైపు అంతకంటే పెద్ద అపచారం లేదు. కొంగుతో ఆ పిల్ల నుదుటి మీది కుంకం గబగబా తుడిచేస్తోంది, దేవుళ్ళందరికీ దండాలు పెడుతోంది.

మేడమ్ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దులే. ఆ పిల్ల కూడా వాళ్ళతోనే ఉండిపోయింది. ఇంగ్లండులో రైలు దిగింది ఎవరో నాకు తెలియదు" అంది.

ఇదీ తెలుగులోకి మార్చాను. చెప్పాక అక్క మొహం చూడాలి. కళ్ళు తుడుచుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, మామూలు సుబ్బాయమ్మ అయిపోయింది.

"అదేం మాట? ఎదురుగా ఉండి కాఫీ తాగే మనిషి పోయిందంటే ఎవరు ఊరుకుంటారు? మిగతా ముగ్గురి సంగతి మీరెలాగంటే అలాగ. ఈ పిల్ల మాత్రం బతికే ఉంది. చెప్పరా ఆవిడికి."

చెప్పాను.

ఆ పటాన్ని హాల్లో ఉంచడానికి లేదు. దాచడానికీ లేదు, ముదీర్ గారు చూసేశారు. అది సుబ్బాయమ్మ ఫోటో, కాటన్ దొర ఫోటో. కాబట్టి అది పెరట్లో ఉన్న అక్క గదికి వెళ్ళింది. ఇన్నేళ్ళు ఆవుల వెనక చీకట్లో ఉన్నవాళ్ళు వెలుగులోకి వచ్చారు. మేడమ్ రోజూ పొద్దున్నే, సార్ ఆఫీసుకి వెళ్ళాక, అక్క గదికి వెళ్ళి చాప మీద కూర్చునేది. తన తల్లిదండ్రుల్ని చూసుకోవడానికి పనిమనిషి గదికి వెళ్ళేది. కొన్నాళ్ళు దండ లేదు. ఒక రోజు మేడమే దొడ్లోంచి మల్లెలు కోసుకొచ్చి అక్క ఒళ్ళో పోసింది. అక్క దండ గుచ్చి, రెండు మూలలకీ కాకుండా ఎడమ మేకు నుంచి తల్లి తల పైన నడిమి మేకు దాకానే వేసింది. పలక కప్పుకుపోయింది. తండ్రి, తల్లి, తమ్ముడు, ముగ్గురి మీదుగా వచ్చి ఆగిపోయింది. చివరి పిల్ల మీద ఒక్క పువ్వు కూడా పడలేదు.

భయం మాత్రం పోలేదు. పోయిందని చెబితే అబద్ధం. ముదీర్ గారు ఏటా తోటలో మొదట దిగిన ఖర్జూరాలు ఒక బుట్టెడు పంపేవారు, సుబ్బాయమ్మగారి నీళ్ళ దొరకని చెప్పి. ఎప్పుడు వచ్చినా, "మీ దొర బాగున్నాడా?" అని నవ్వుతూ అడిగేవారు. ఆ మంచి మనిషి మంచి మాట విన్నప్పుడల్లా మేడమ్ కళ్ళు తలుపు వెనక సంచీ వైపు వెళ్ళేవి. అక్క ఆ ఖర్జూరాలు పటం ముందు పెట్టి, తర్వాత మాకు పంచేది. మేడమ్ ఒకటి తీసుకుని చాలాసేపు నమిలేది.

ఎనభై అయిదులో సార్ కాంట్రాక్టు అయిపోయింది. వెళ్ళే రోజున నేను సామాన్లు కారులో పెట్టాను. పటం తెస్తానని అక్క లోపలికి వెళ్తుంటే మేడమ్ వద్దంది.

"ఇంగ్లండులో ఆ భయం లేదు కదా మేడమ్, తీసుకెళ్ళండి" అన్నాను.

"అక్కడ నేనొక్కదాన్నే చూడాలి. ఇక్కడ పువ్వులు పెట్టేవాళ్ళున్నారు" అంది.

అక్కని గట్టిగా కావలించుకుంది. తర్వాత తలుపు వెనక సంచీ తనే పట్టుకుని కారెక్కింది. విమానాశ్రయం దాకా ఒళ్ళోంచి దించలేదు. దారిలో పోలీసు జీపు కనిపిస్తే నా చెయ్యి జేబు మీదికీ, ఆవిడ చెయ్యి సంచీ మీదికీ ఒక్కసారే వెళ్ళాయి. అద్దంలో ఒకర్నొకరం చూసుకున్నాం.

అక్క అదే వీధిలో ఇంకో ఇంట్లో పనికి కుదిరింది. పటం ఆమెతో పాటే కొత్త గదికి వెళ్ళింది. నేను కంపెనీ బండ్లు తోలేవాణ్ణి, వారానికోసారి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. బొట్టు రూపాయి కాసంత అలాగే ఉండేది. దండ మూడు మొహాల మీదే ఆగేది.

ఎనభై ఎనిమిదిలో ఒక పొద్దున ముదీర్ గారు నన్ను తన గదికి పిలిచారు. ఇంగ్లండు నుంచి ప్రెస్కాట్ సార్ ఫోన్ చేశారట. చలికాలంలో మేడమ్‌కి జబ్బు చేసిందట, నిద్రలోనే పోయిందట. "మీ అక్కకి, ఆ దొర పటం ఉన్నావిడకి, నువ్వే చెప్పు" అన్నారు. ఆయనకి ఎంత తెలుసో, ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ రోజు గాలి లేచింది. అక్క గది తలుపు దడదడమంటోంది. నేను బయటే నిలబడి, "అక్కా, నేను ఆదిశేషుని" అని అరిచాను. గొళ్ళెం తీసింది. చెప్పాను.

గాలికి వణుకుతూనే దొడ్లోకి వెళ్ళింది. ఇసుక కొడుతున్నా కొంగు మొహాన కప్పుకుని మల్లెలు కోసింది. చాప మీద కూర్చుని గుచ్చుతూ ఉంటే దండ పొడుగవుతోంది. ఇక ఈ రోజు నాలుగో మొహం కూడా కప్పాలి గదా అనుకుని నేను తల తిప్పుకున్నాను. చూడబుద్ధి కాలేదు.

మళ్ళీ చూసేసరికి దండ ఎడమ మేకుకీ నడిమి మేకుకీ వేలాడుతోంది. ఎప్పటిలాగే ముగ్గురి మీదుగా వచ్చి ఆగిపోయింది. మిగిలిన పొడుగంతా ఎడమ మేకుకే చుట్టేసింది. రెండు జడల పిల్ల అలాగే ఎడంగా నిలబడి మా వైపు చూస్తోంది.

"అక్కా, మరి మేడమ్..." అన్నాను.

"నువ్వు చూశావా?" అంది.

"లేదు."

"నేనూ చూళ్ళేదు" అంది సుబ్బాయమ్మక్క. తలుపు గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చూసి వచ్చి, నా పక్కన కూర్చుంది.